పాతది పనికిరాదు

ఇక ఈ జన్మలో గాజు ముట్టనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి, నాలుగు రోజుల్లో పదిహేడు అద్దాలు తుడిచాను. ఆ నాలుగు రోజులూ ఒక్కదాన్నీ ఎవరూ తుడవమనలేదు. ఈ బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా "ఏం జరిగింది పెద్దాయనా?" అని గుచ్చిగుచ్చి అడుగుతున్నారు గనుక ఒక్కసారి చెప్పేస్తాను. మళ్ళీ అడగొద్దు.

నేను మూడో తరగతితో బడి మానేశాను. అప్పటికి గుణింతాలు అయిపోయి ఒత్తులు మొదలుపెట్టారు. అందుకే నాకు ఒత్తులు సరిగ్గా నిలబడవు. ఒట్లూ అంతే.

పరాయి దేశంలో ఇరవయ్యారేళ్ళు పని చేశాను. ఆకాశమంత మేడలకి బయట తాడు మీద వేలాడుతూ కిటికీ అద్దాలు తుడిచే పని. ఒక చేతిలో సబ్బునీళ్ళ బ్రష్షు, ఇంకో చేతిలో రబ్బరు వైపరు. అద్దానికి ఇవతల నేను, అవతల సంసారాలు. అందరి నోళ్ళూ కదిలేవి. ఒక్క మాటా వినిపించేది కాదు. పోనుపోను పెదాలు చూసి మాట పట్టడం నాకు అబ్బింది. వాళ్ళ భాష నాకు రాదనుకోండి. మొగుడూపెళ్ళాల గొడవకి భాషతో పనేముంది?

పక్క తాడు మీద మనవాడే ఒకడు వేలాడేవాడు. గాలి హోరులో మాట వినపడదు గనుక మేమిద్దరం కూడా పెదాలే చూసుకునేవాళ్ళం. ఒక్కటే చిక్కు. ప, బ, మ మూడింటికీ మూతి ఒక్కలాగే పెడతాం. ఒకసారి వాడు నా భుజం వైపు చూసి "బల్లి, బల్లి" అన్నాడట. నేను "మళ్ళీ, మళ్ళీ" అనుకుని అదే అద్దం మూడుసార్లు తుడిచాను. బల్లి ఓపిగ్గా చూసింది.

నాలుగు నెలల కిందట ఇంటికొచ్చేశాను. వచ్చిన రోజే మా ఆవిడ కిటికీల వైపు చూసింది. మా ఇంటి కిటికీలు ఎలా ఉండేవంటే, తెల్లారిందో లేదో తలుపు తీసి తెలుసుకోవాల్సిందే.

"ఏమండీ, ఆ కిటికీలు కాస్త..."

"ఊఁహూఁ."

"లోకంలో వాళ్ళందరివీ తుడిచొచ్చారు. మనింటివి తుడిస్తే చేతులు అరిగిపోతాయా?"

"ఊఁహూఁ."

"పోనీ, వంటింట్లో పంపన్నా చూడండి."

"ఊఁ."

చూశాను. చుక్కచుక్కా కారుతోంది. చూడమంది గనుక చూసి వచ్చి కూర్చున్నాను. రోజంతా టప్, టప్ అంటూనే ఉంటుంది. మా ఇంట్లో నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

మా ఆవిడ ఓసారి అననే అంది. "అక్కడున్నప్పుడు వారానికి పది నిమిషాలు ఫోన్లో మాట్లాడేవారు. ఇక్కడికొచ్చాక వారానికి పది మాటలు. మీరు దూరంగా ఉన్నప్పుడే దగ్గరగా ఉన్నట్టుండేది."

 ఆ మాట ముల్లులా దిగింది. ఇరవయ్యారేళ్ళు ఒంటరిగా ఇల్లు నడుపుకున్న మనిషి. కుర్చీ ఎక్కడుండాలో, దీపం ఎప్పుడార్పాలో అన్నీ ఆవిడ లెక్క ప్రకారమే. ఆ లెక్కలో నేనెక్కడున్నాను? ఎక్కడ నిలబడ్డా "కాస్త జరగండి" అంటుంది. జరుగుతూ జరుగుతూ మళ్ళీ విమానం ఎక్కేస్తానేమో అనిపించింది.

అప్పట్నుంచి ఓ కన్నేసి ఉంచాను.

మా వీధి మలుపులో కుట్టుకొట్టు ఉంది. నడిపే ఆవిడ నాకు వరసకి వదిన. ఆవిడ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. నోరు తెరిస్తే మాటల్లోనూ అవే. సూది వదిన అంటాను. రోజూ నాలుగింటికి మా ఆవిడ అక్కడికి వెళ్ళి బొత్తాలు కుడుతుంది. నేను లోపలికి అడుగుపెడితే ఇద్దరూ టక్కున మాట ఆపేస్తారు. నేను వెళ్ళి ఏమీ మాట్లాడకుండా నిలబడతాననుకోండి, అది వేరే సంగతి. తప్పు లేనివాళ్ళు మాట ఎందుకు ఆపాలి?

ఒకరోజు సబ్బు కొనుక్కుని వస్తూ ఆ కొట్టు ముందు ఆగాను. ముందువైపంతా అద్దమే. లోపల మా ఆవిడ చేతులు తిప్పుతూ వదినతో ఏదో చెబుతోంది. పెదాలు చూశాను.

"పాతది పనికిరాదు... ఎన్నాళ్ళని భరిస్తాం... పంపెయ్యాలి."

చేతిలో సబ్బు జారిపోయింది.

పాతది. ఇంట్లో అంత పాతది ఏముంది, నేను కాక?

మర్నాడు పొద్దున లేచేసరికి బీరువా మీదుండే నా పెద్ద పెట్టె కిందికి దిగింది. దుమ్ము తుడిచి, తాళం తీసి, హాలు మధ్యలో పెట్టి ఉంది.

"ఇదేమిటే?"

"పెట్టె."

"దించావేం?"

"దుమ్ము పట్టింది."

"కిటికీలకి పట్టలేదా?"

"వాటిని దించలేం కదండీ," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మాటకి మాట ఇచ్చింది గానీ జవాబివ్వలేదు. దొంగలంతా ఇలాగే మాట్లాడతారు. పెట్టె తెరిచి చూశాను. పైనే నా రబ్బరు వైపరు, పాత గుడ్డలో చుట్టి ఉంది. అది చూడగానే నాకో ఉపాయం తట్టింది. మనిషి అద్దం ముందు ఊరికే నిలబడితే అనుమానిస్తారు. అద్దం తుడుస్తూ నిలబడితే ఎవరూ మొహం కూడా చూడరు. ఇరవయ్యారేళ్ళలో నా మొహం చూసినవాళ్ళు ముగ్గురే. అందులో ఒకటి పిల్లి.

నాలుగింటికి టోపీ కళ్ళదాకా లాక్కుని, బకెట్టు పట్టుకుని, వదిన కొట్టు అద్దానికి నిండా నురగ పట్టించాను. నురగలో అరచేయంత కన్నం చేసి అందులోంచి చూశాను. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. కానీ వరస తేడాగా ఉంది. మా ఆవిడ "మామ, బొప్పాయి, పీపా" అన్నట్టుంది. దానికి వదిన "బాబూ, పాపమ్మా, బొబ్బ" అంది. ముందూవెనకా ఎంత చూసినా అతకలేదు.

అప్పుడర్థమైంది. దొంగభాష! నా విద్య సంగతి మా ఆవిడకి తెలుసు. ఫోన్లో నేనే గొప్పగా చెప్పుకున్నాను.

ఇంకా విచిత్రం, ఎడమ అద్దం తుడవడం అవ్వగానే ఇద్దరూ కుర్చీలు లాక్కుని కుడి అద్దం వెనక్కి చేరారు. అక్కడ మురికి ఎక్కువ. నాకు నోళ్ళు కనపడలేదు. చచ్చినట్టు అదీ తుడిచాను. అదవగానే తలుపు వెనక్కి వెళ్ళారు. అదీ తుడిచాను.

రెండోరోజు వాళ్ళు ఆ పక్కనే ఉన్న కళ్ళజోళ్ళ అంగడికి మకాం మార్చారు. ఆరు అద్దాలు. ఆ జోళ్ళాయన బయటికొచ్చి, "ఏం తాతా, ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు.

పంపారు అన్న మాట వినగానే నా గుండె ఆగినంత పనైంది. "ఎవరూ పంపలేదు! పంపలేరు!" అన్నాను. ఆయన భయపడి లోపలికెళ్ళిపోయాడు. ఆరూ తుడిచేసరికి చీకటి పడబోతోంది. తెలిసిందల్లా "మామ, బొప్పాయి."

మూడోరోజు సూది వదిన మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ నన్ను బయటికి పంపి తలుపేసేసింది. "కాస్త గాలికి తిరిగిరండి," అంది. గాలికి తిరగమంటే నాకు తాడే గుర్తొస్తుంది. పెరట్లోంచి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాను. ఆ రోజు నాలుగు కిటికీలు, మర్నాడు నాలుగు. ఇక మిగిలింది గోడ నెత్తి మీద ఉన్న చిన్న కిటికీ. తీరా ఆ ఎత్తుకెక్కి నురగలోంచి చూస్తే, లోపల ఇద్దరూ కుర్చీలెక్కి నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆడవాళ్ళు కుర్చీలెక్కి కబుర్లు చెప్పుకోవడం నా జీవితంలో అక్కడే చూశాను. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు.

అంతలో కింద గేటు చప్పుడైంది. భుజాన సంచీ వేసుకున్న మనిషి ఒకడు.

"ఎవరయ్యా?"

"పంపెయ్యడానికొచ్చానండీ."

నిచ్చెన ఊగింది. ఈసారి పెదాలు కాదు, చెవులారా విన్నాను.

"ఎవరు రమ్మన్నారు?"

"అమ్మగారేనండీ. పాతది పనికిరావట్లేదంట."

"పాతదానికేం రోగం?"

"పైకి నిగనిగలాడుతుందండీ, లోపలే అరిగిపోయింది. చుక్కచుక్కా రావడమే గానీ ధార లేదంట. అమ్మగారు ఎంత తిప్పినా తిరగదంట."

"తిరగకపోతే?"

"ఏముందండీ, మెడ దగ్గర గట్టిగా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే ఊడొచ్చేస్తుంది. అవతల పారేసి కొత్తది బిగించేస్తాను. పావుగంట పని."

నా మెడ నేనే పట్టుకున్నాను. మెడ పట్టుకోవడానికి చెయ్యి కావాలి గనుక బకెట్టు వదిలేశాను. సబ్బునీళ్ళు నెత్తిన పడి ఆ మనిషి తెల్లగా అయిపోయాడు. "అమ్మగారూ!" అని కేకేశాడు. లోపల కుర్చీ పడిన చప్పుడు, సూది వదిన కెవ్వుమనడం, తలుపు తెరుచుకోవడం అన్నీ ఒక్కసారే జరిగాయి.

"ఏమండీ! ఏమైంది?" మా ఆవిడ నిచ్చెన కింద నిలబడింది.

అప్పుడు నాకు నోరొచ్చింది.

"నేను వెళ్ళను! పెట్టె సర్దినా వెళ్ళను, మెడ తిప్పినా వెళ్ళను. ఇరవయ్యారేళ్ళు వేలాడానే. ఏ అద్దంలో చూసినా ఎవరో ఒకావిడ ఎవడో ఒకడికి టీ ఇస్తూ కనిపించేది. చూసుకుంటూ తుడుచుకుంటూ కిందికి దిగిపోయేవాణ్ణి. మనింట్లో ఓ కుర్చీలో కూర్చుని నీ చేత్తో ఇచ్చిన టీ తాగుదామని వచ్చాను. మాట్లాడటం లేదంటావు. అద్దం ముందు నిలబడి ఎవరితో మాట్లాడతామే? నోరు మూతబడిపోయింది. ఆ పాతది నేనే. అరిగినదీ నేనే. అయినా వెళ్ళను. నువ్వు ఎంతమందిని పిలిపించినా ఈ నిచ్చెన దిగను!"

 వంటింట్లోంచి టప్, టప్ అని వినిపించింది.

కళ్ళలో పడిన సబ్బు తుడుచుకుంటూ ఆ మనిషి మెల్లగా సంచీలోంచి కొత్త పంపు తీసి పైకెత్తి చూపించాడు. "ఇదండీ. పంపు వెయ్యడానికొచ్చాను."

నేను పంపు వైపు చూశాను. పంపు నా వైపు చూసింది.

"చూశావా అక్కా," అంది మా ఆవిడ వదినతో, "పాత పంపు దానంతటదే నోరు విప్పింది."

సూది వదిన నోట్లో సూదులన్నీ తీసి మరీ నవ్వింది.

"అంటే ఆ రోజు కొట్లో..." అన్నాను.

"పంపు వెయ్యాలి అన్నాను. మీరు అద్దం బయట నిలబడి నా మాటలన్నీ మీ పెదాలతో అంటున్నారు. పుస్తకం చదివినా అంతే కదా మీరు, పెదాలు కదపందే చదవలేరు. చివర్లో పంపెయ్యాలి అనుకుని సబ్బు పారేశారు."

"తెలిసీ చెప్పలేదా?"

"నాలుగు నెలలనుంచి కిటికీలు తుడవమంటే ఊఁహూఁ అన్నారే, మీరు చెప్పారా ఎందుకని? అందుకే పెట్టె దించాను. వైపరు పైన పెట్టాను. మురికెక్కడుంటే అక్కడ కూర్చున్నాం."

"మరి ఆ దొంగభాష? మామ, బొప్పాయి?"

"ఏమీ అనలేదు. ఊరికే నోళ్ళాడించాం," అంది వదిన. "నా దవడలు నొప్పెడుతున్నాయి మరిదీ."

నిచ్చెన దిగాను. తలెత్తలేదు. మా ఆవిడ దగ్గరికొచ్చి నా మొహం మీది నురగ కొంగుతో తుడిచింది. ఎవరికీ వినపడకుండా అంది. "ఇరవయ్యారేళ్ళు ప్రతి ఫోనులోనూ ఎప్పుడొస్తారు అనే కదా అడిగాను. ఇప్పుడు పంపేస్తానా? కిటికీలకోసం ఆట పట్టించాను. మీరింత భయపడుతున్నారని నాకేం తెలుసు? చెప్పొచ్చు కదా."

"ఊఁ," అన్నాను.

పంపు వేశారు. ఇప్పుడు కారడం లేదు. నాకే ఇల్లు బోసిపోయినట్టుంది.

మొన్న సాయంత్రం ఆ పై కిటికీ ఒక్కటీ మిగిలిందని నా అంతట నేనే నిచ్చెనెక్కి తుడిచాను. లోపల మా ఆవిడ టీ గ్లాసుతో నిలబడి, నా భుజం వైపు వేలు చూపించి ఏదో అంది. పెదాలు చూశాను. మళ్ళీ. కాదు, ఒకసారి మోసపోయాను, ఇంక పోను. బల్లి! నిచ్చెన మీంచి ఒక్క దూకు దూకాను. చొక్కా విప్పి విసిరేశాను. పెరడంతా దులుపుకుంటూ తిరిగాను. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.

కిటికీ తెరుచుకుంది.

"మళ్ళీ అన్నానండీ! ఆ మూల మరక పోలేదు, మళ్ళీ తుడవండి అని!"

అందుకని ఇప్పుడు అద్దంలోంచి ఆవిడ మాట చదవడం మానేశాను. తలుపు తీసి అడుగుతున్నాను. వారానికి పది మాటలు కాస్తా రోజుకి పదకొండయ్యాయి. ఆ పదకొండోది "ఏమన్నావు?"