టీవీలో డాక్టరమ్మ

నిదానంగా చెబుతా, నిదానంగానే రాయవే సుప్రియా. తాతయ్య మాట ఒక్కటీ పోకూడదు.

అయ్యా, అమ్మా! ఆడవాళ్ల జబ్బులకి ఫోన్లో డాక్టరు రావడమంత మేలు లోకంలో ఇంకోటి లేదు. కాదన్నవాళ్లు పెడనలో మా ఇంటికి రండి!

మునుపు ఏముండేది? మా మనవడి భార్య దుర్గాభవానికి నెలసరి ఆగట్లేదంటే, బందరు బస్సెక్కాలి. అక్కడ డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి, తలుపేసి, ఆ పిల్లనొక్కదాన్నే అడిగేది. ఎంత అన్యాయం! అత్తకే తెలియకపోతే వీధికెలా తెలుస్తుంది?

ఇప్పుడా బాధ లేదు. మనవడు నాగవంశీ గుడివాడలో సెల్ షాపులో పనిచేస్తాడు. చుట్టాలు వీడియో కాల్ చేస్తే అందరం చూడాలని ఇంట్లో ఫోన్ని టీవీకి తగిలించి వెళ్లాడు. డాక్టరమ్మ అపాయింట్‌మెంటూ వాడే తీశాడు. ఇంకేం? డాక్టరమ్మ టీవీ నిండా వచ్చేసింది!

మా కోడలు ఇందిర చెంగు సర్దుకుని దణ్ణం పెట్టింది. “భోంచేశారాండీ? ఏ ఊరండీ మీది?”

పక్కింటి స్వర్ణలత పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చింది. నాకు చెవుడని సౌండు పెంచారు. అద్దకం షెడ్డు వాళ్లు కిటికీ నిండా చేరారు. క్రికెట్టుకైనా ఇంత జనం రారు!

“ఎన్నాళ్ల నుంచమ్మా?” అంది డాక్టరమ్మ.

“వేడి చేసిందండీ. ఆవకాయ మానదు!” అంది ఇందిర.

“పిల్లలు ఇప్పుడే కావాలా, కొన్నాళ్లు ఆగుతారా?”

“ఇప్పుడే కావాలండీ!” అంది స్వర్ణలత. కిటికీ కూడా కావాలనే అంది. ఆ సందట్లో స్వర్ణలత తన మోకాలు టీవీకి చూపించింది. కిటికీలోంచి ఎవరో షుగరు మాత్ర రంగు చెప్పి, మంచిదేనా అని అడిగారు. ఒక్క కాల్‌కి వీధంతా వైద్యం! ఏ ఆస్పత్రి చేస్తుంది చెప్పండి?

“భవాని గారూ, మీరొక్కరే ఉండి మాట్లాడగలరా?” అంది డాక్టరమ్మ.

ఆ పిల్ల మా వంక చూసింది. ఎవరు లేస్తారా అని మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

“పర్లేదండీ, తగ్గిపోయింది,” అని భవాని ఫోను పెట్టేసింది.

తగ్గలేదు. పొద్దున గోడ పట్టుకుని లేచింది. మొహం పాలిపోయింది. వీధిలో అందరి జబ్బులూ డాక్టరమ్మకి తెలుసు, భవానిది తప్ప.

రేపు మళ్లీ ఫోను చేయిస్తున్నా. టీవీ కట్టేసి, లోపలి గదిలో. ఆ గదికి తలుపు లేదు, పాత చీర తెర. ఆ గుమ్మం ముందే నేను బట్టలు నేసే గుంట మగ్గం ఉంది, అందుకే అందులో కూర్చుని నేస్తా. నా మగ్గం ఆడితే పక్కవాళ్ల కేక కూడా వినపడదు. ఇందిర అరిచినా ఆపను.

సుప్రియా, ఇదంతా నాగవంశీకి చదివి వినిపించు. టీవీకి ఫోను తగిలించడం వచ్చినవాడికి, పెళ్లాం గదికి తలుపు తగిలించడం రాదా అని తాతయ్య అడిగాడని చెప్పు.