నెవిల్ బండికి నౌకాయోగం

మానవజాతి సాధించిన విజయాల్లో గొప్పది నిప్పు కాదు, చక్రమూ కాదు. బండి లోపలి కార్పెట్ పీకి పారేసి, ఆ నేలకి నల్లటి రబ్బరు లైనర్‌ని సొంత చేతుల్తో పూసుకోవడం. ఆ తర్వాత బండి ఊడవక్కర్లేదు. తలుపులు బార్లా తీసి హోస్ పైపుతో కడిగేయొచ్చు. (మా ఊరు వులంగాలో కడిగినవాళ్లు ఒక్కరూ లేరు. కడగొచ్చు అన్న తృప్తి కోసమే పూస్తారు.)

మా పక్కింటి నెవిల్‌కి ఈ నాగరికత కాస్త ఆలస్యంగా అబ్బింది. వాడు నడిపే ఫోర్ వీల్ డ్రైవ్ బండి నిజానికి వాడిది కాదు, మామగారు క్లారీది. ఆయన జీవితమంతా దాన్ని గొర్రెల మంద వెనకాల తిప్పి, పోతూ పోతూ కూతురు గ్లెనిస్‌కి ఇచ్చిపోయాడు. ఆ కార్పెట్‌లో ఆయన పొగాకు, గొర్రెలు, తరతరాల కుక్కలు, దేని వాసన దానిదే, విడివిడిగా తెలిసేది. గ్లెనిస్‌కి ఆ వాసనంటే ప్రాణం. నెవిల్‌కి తుమ్ములు.

"కార్పెట్ పీక్కో నెవ్. బండికి మాత్రం ఏమన్నా అయిందో, కోళ్ల గూట్లో పడుకుంటావు," అంది గ్లెనిస్.

"రబ్బరు పూత గ్లెన్. ఇంకా పదికాలాలు ఉంటుంది," అన్నాడు నెవిల్.

లైనర్ డబ్బాతో ఒక చిక్కుంది. గట్టిపడే మందు కలిపాక గంటలో వాడెయ్యాలి, లేకపోతే డబ్బాలోనే రాయైపోతుంది. కొన్న పూతని రాయి కానివ్వడం మా ఊరి మగవాళ్ల రక్తంలో లేదు. నెవిల్ సీట్లు పీకి నేలంతా పూశాడు. మిగిలింది. తలుపుల అడుగుభాగమూ అంచులూ పూశాడు. మిగిలింది. రబ్బరు గమ్‌బూట్లు పూశాడు, బీరు చల్లబెట్టే పెట్టె పూశాడు.

"ఒరేయ్ మేట్, ఇంకా పావు డబ్బా ఉందిరా. ఏదో ఒకటి చూపించు," అన్నాడు నాతో. షెడ్డులో ఆ వాసన పీల్చి పీల్చి వాడి మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. నేను మా పోస్టు డబ్బా ఇచ్చాను. (ఈ రోజుకీ దానికి తుప్పు లేదు. మూతా తెరుచుకోదు.)

ఆ ఊపులో బండి నేలలో నీళ్లు పోయే కన్నాలన్నీ పూడుకుపోయాయి. ముందు సీటు కింద ఇనుములో చెక్కిన బండి ఛాసిస్ నంబరు కూడా పూత కింద సమాధి అయింది. అదే నంబరు బయట ఇంకోచోట కూడా చెక్కి ఉండేది గానీ, దాన్ని తుప్పు ఎప్పుడో తినేసింది.

ఏటా రిజిస్ట్రేషన్‌కి నంబరు చూపించాలి. మా ప్రభుత్వ కార్యాలయంలో మూడు కిటికీలు, ఒక డోరీన్. మొదటి కిటికీ బండ్లకి, రెండోది కుక్కలకి, మూడోది పడవలకి. కిటికీ మారినప్పుడల్లా డోరీన్ కళ్లజోడు మారుస్తుంది. ఒక కిటికీలో విన్నది రెండో కిటికీలో ఆమెకి తెలియదు. తెలిస్తే అధికార దుర్వినియోగం.

"నంబరేది బంగారం?" అంది మొదటి కిటికీ డోరీన్. (ఆమెకి ఊరంతా బంగారమే, ముఖ్యంగా కాదనబోయే ముందు.)

"పూత కింద ఉంది," అన్నాడు నెవిల్.

"పూత తియ్యి."

"జీవితాంతం ఊడదని డబ్బా మీద రాశాడు. ఉలి పెట్టి కొట్టాను, ఉలి వంగింది. గ్రైండర్ పెడితే నంబరు కూడా పోతుంది."

"నంబరు పోతే దొంగబండి. కనబడకపోతే అసలు బండే కాదు, గుర్తు తెలియని ఇనుము. ఇనుమైతే నెలాఖరుకి నుజ్జు చేసే యంత్రానికి పంపాలి."

"డోరీన్, చిన్నప్పుడు నువ్వు ఆ బండిలోనే బడికెళ్లావు. మా మామ దింపేవాడు నిన్ను."

"అది ఏ కిటికీలోనూ చెల్లదు నాయనా," అంది డోరీన్, కాస్త బాధగానే.

నెవిల్ ఆ రాత్రి నుంచి కోళ్లతో ఉన్నాడు. మర్నాడు గ్లెనిస్ కోపం పట్టలేక హోస్ పైపు పట్టుకుని బండి కడిగింది. వులంగా చరిత్రలో అదే మొదటిసారి. కడిగిన నీళ్లు బయటికి రాలేదు. సాయంత్రం చూస్తే పక్కింటి బాతు ఒకటి స్టీరింగ్ కింద ఈదుతోంది. గ్లెనిస్ ఆ బాతుని చాలాసేపు చూసింది. తర్వాత తలదువ్వుకుని మూడో కిటికీకి వెళ్లింది, నన్ను సాక్షిగా వెంటబెట్టుకుని.

"పడవ అంటే ఏమిటి డోరీన్?"

డోరీన్ కళ్లజోడు మార్చి చదివింది. "నీటిని ఒక పక్కనే నిలిపి ఉంచగల బోలు వస్తువు ఏదైనా పడవ అనబడును."

"ఏ పక్కన? లోపలా, బయటా?"

"అది రాయలేదు బంగారం."

"చక్రాలుంటే?"

"ఉండకూడదనీ రాయలేదు."

పడవకి ఇనుములో నంబరు అక్కర్లేదు, పేరుంటే చాలు. గ్లెనిస్ తెల్లరంగుతో తలుపు మీద 'క్లారీ' అని తండ్రి పేరు రాసింది. సముద్రానికి పది గంటల దూరంలో, ఏడెనిమిదేళ్లకోసారి తప్ప నీళ్లు రాని నది ఒడ్డున, మా జిల్లా మొత్తానికీ రిజిస్టరైన ఏకైక నౌక అది. నెవిల్‌కి కోళ్ల గూటి నుంచి విముక్తి దొరికింది. కోళ్లు కూడా సంతోషించాయి.

పడవ రోడ్డెక్కకూడదు. కానీ నదిలో ఎక్కడికైనా పోవచ్చు. మా నదంతా ఇసుక. మేము అందులో ఫుట్‌బాల్ ఆడతాం, సాసేజీలు కాల్చుకుంటాం. బేకరీ వెనక తలుపూ, పబ్బు వెనక తలుపూ నదిలోకే తెరుచుకుంటాయి. కాబట్టి మొగుడూపెళ్లాలిద్దరూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఎర్రటి ఎండలో, ఇసుకలో దుమ్ము లేపుకుంటూ, బేకరీలో మాంసం కూరి కాల్చే మీట్ పైల కోసం నౌకాయానం చేసేవాళ్లు. పైలు తింటున్న జనం దగ్గరికొచ్చాక వేగం తగ్గించేవాళ్లు. ఈతగాళ్ల దగ్గర అలలు లేపకూడదని నిబంధన. గ్లెనిస్ అంత హాయిగా నవ్వడం వాళ్ల నాన్న పోయాక నేను చూడలేదు.

"చూశావుట్రా, పదికాలాలు ఉంటుందన్నానా," అనేవాడు నెవిల్, చక్రం తిప్పుతూ.

అప్పుడు ఉత్తరాన ఎక్కడో వానలు పడ్డాయి. మా దగ్గర ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా నది వస్తోందని కబురొచ్చింది. జనం మడతకుర్చీలూ బీర్లూ పట్టుకుని ఒడ్డున చేరారు. నెవిల్, గ్లెనిస్ బండిని గట్టెక్కించి నీలగిరి చెట్టు నీడలో పెట్టారు. డోరీన్ మూడో కిటికీ కళ్లజోడు పెట్టుకుని వచ్చింది.

"నది ఉన్నప్పుడు పడవ నదిలో ఉండాలి బంగారం. వార్షిక తనిఖీ."

"మునిగిపోతుంది డోరీన్," అన్నాడు నెవిల్.

"నదిలో దిగనిదైతే పడవ కాదు. పడవ కాకపోతే మొదటి కిటికీకి తెలియజేయాలి. ఆమె సంగతి నీకు తెలుసు కదా."

గ్లెనిస్ బండివైపొకసారి, నదివైపొకసారి చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుజ్జయితే మిగిలేది ఏమీ లేదు, తడిసినదాన్ని ఆరబెట్టుకోవచ్చు. అలా ఆలోచించి, తనే స్టీరింగ్ పట్టుకుని బండిని ఇసుకలోకి దింపింది. నెవిల్ దాన్ని చెట్టుకి లావుపాటి తాడుతో కట్టాడు. గ్లెనిస్ దిగేటప్పుడు స్టీరింగ్‌ని ఒకసారి తడిమింది.

నది మెల్లగా, గోధుమరంగు నురగతో, ఎండుకొమ్మలు తోసుకుంటూ వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. చక్రాలు మునిగాయి, పేరు మునిగింది, కిటికీల్లోంచి నీళ్లు లోపలికి దూకాయి. తాడు తెగలేదు. తేలే ప్రయత్నం కూడా జరగలేదు.

వారం తిరక్కుండా నది తన దారిన తాను పోయింది. ఇసుక మళ్లీ ఎండింది. బండి కట్టినచోటే ఉంది, కిటికీ అంచుల దాకా బురదనీళ్లతో. ఇంజను నోట్లో చెయ్యి పెడితే ఇసుక వచ్చింది. గ్లెనిస్ పక్కన నిలబడి, ఆరబెట్టడానికి తెచ్చిన తువ్వాళ్లు చేతిలోనే ఉంచుకుని, మెల్లగా ఏడ్చింది. నెవిల్ ఎవరూ చెప్పకుండానే కోళ్ల గూటివైపు నడిచాడు.

డోరీన్ వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మోకాళ్ల మీద కూచుని అడుగున ఇసుకని వేలితో తాకింది. పొడిగా ఉంది. లేచి మోకాళ్లు దులుపుకుని, గ్లెనిస్ భుజం మీద చెయ్యి వేసింది.

"ఒక్క చుక్క కారడం లేదు బంగారం. నీళ్లన్నీ ఒక పక్కనే ఉన్నాయి. తనిఖీ పాసయింది."