కంచె దాటిన థ్రాటిల్ బాడీ

శనివారం పొద్దున వెర్లిన్ చేయాల్సిన పని ఒక్కటే. భార్య ఓపల్ ఏడాదంతా కన్నబిడ్డలా మేపిన పందిని మధ్యాహ్నంలోగా కౌంటీ సంతలో తూకానికి చేర్చాలి. ఆలస్యమైతే పోటీలోకి రానివ్వరు. పందికి స్నానం కూడా అయింది. పికప్ ట్రక్కు మాత్రం స్టార్టవగానే దగ్గి ఆగిపోతోంది.

"థ్రాటిల్ బాడీ పోయింది," అని తేల్చాడు వెర్లిన్. ఇంజను నెత్తిన కూర్చుని పెట్రోలు చల్లే భాగం అది. కంచె అవతల ఓపల్ తమ్ముడు రాయిస్ వాకిట్లో అచ్చం ఇలాంటి ట్రక్కే ఉంది.

"వాణ్ణి లేపి అడుగు," అంది ఓపల్.

"పానా చేతిలో ఉండగా అడగడమేంటే? సాయంత్రం మళ్ళీ పెట్టేస్తా."

ఆ మిస్సోరీ పల్లెలో మగాళ్ళ మర్యాద అదే. పక్కింటి బండిలోంచి సామాను విప్పుకోవచ్చు. అడగడం మాత్రం నామర్దా. వెర్లిన్ మంచిది తెచ్చుకుని, చెడ్డది అక్కడ బిగించి వచ్చాడు. ఇంజను బుద్ధిగా తిరిగింది. లేని మీసం మెలేసి స్నానానికి వెళ్ళాడు. ఓపల్ కొట్టం వెనక పందికి నూనె రాస్తోంది.

ఈలోగా రాయిస్ లేచి, సంతలో అక్కకు సాయంగా ఉందామని తన బండి తీశాడు. దగ్గి ఆగింది. బానెట్ ఎత్తి చూడగానే అది బావ పనేనని అర్థమైంది. కంచె దాటి, రెండూ మళ్ళీ తారుమారు చేసి, టిఫినుకు వెళ్ళిపోయాడు.

వెర్లిన్ వచ్చి పందిని ఎక్కించి తాళం తిప్పాడు. బండి దగ్గి ఆగింది.

"ఇందాక తిరిగింది కదయ్యా!"

"అయితే థ్రాటిల్ బాడీ కాదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్." మళ్ళీ కంచె దాటాడు.

"ఒక్కసారి అడిగి చావవయ్యా!" అని ఓపల్ అరిచిన అరుపుకి పంది కూడా బెదిరింది.

రాయిస్ గ్రేవీలో అద్దిన బిస్కట్ రొట్టెల టిఫిను ముగించి వచ్చేసరికి, తన బానెట్ కింద బావ నడుం దాకా దూరి ఉన్నాడు.

"బావా, దేనికైనా హద్దుండాలి."

"నేను పట్టుకెళ్ళిన థ్రాటిల్ బాడీ మళ్ళీ ఇక్కడికెలా వచ్చిందిరా?"

"నేనే తెచ్చుకున్నా."

"సొంత అక్క పంది కోసం ఒక్కపూట ఇవ్వలేవా?"

రాయిస్ తన బూట్లకేసి చూశాడు. "నిజం చెప్పాలంటే అది నీదే బావా. పోయినవారం నువ్వు చేపలకి వెళ్ళినప్పుడు, పాడైన నాది నీకు పెట్టి, నీది తెచ్చుకున్నా."

"దొంగ వెధవా! నా సామాను నాచేతే దొంగతనం చేయించావు కదరా!"

ఆ తగువు తెగేలోపు వెర్లిన్ వాకిట్లోంచి ఓ ట్రక్కు రోడ్డెక్కింది. నడుపుతున్నది ట్రూడీ, పోయినేడు మొదటి బహుమతి రిబ్బను ఓపల్‌కి దక్కకుండా తన్నుకుపోయిన మనిషి. వెనక రెండు పందులున్నాయి. ముందు సీట్లో ఓపల్ ఉంది.

"ట్రూడీ బండెక్కావా! ఎలా?" అని వెర్లిన్ నోరు తెరిచాడు.

"ఫోన్ చేసి అడిగాను," అంది ఓపల్ కిటికీలోంచి. "నాకు నోరుంది."

ట్రక్కు ఆగకుండా సాగిపోయింది. బావా బావమరుదులు దాని చప్పుడు వింటూ నిలబడ్డారు.

"ఇంజను భలే తిరుగుతోంది బావా," అన్నాడు రాయిస్.

"రేపు ఆదివారం," అన్నాడు వెర్లిన్. "ట్రూడీ బండి వాకిట్లోనే వదిలి చర్చికి నడిచి వెళ్తుంది."