ఆర్విడ్ గీత

ఏరు పొంగి ధాన్యపు గోదాము తలుపులు పట్టుకుపోయిన ఏడు అది. మోంటానాలో కోల్డ్‌ఫోర్క్ లోయవాళ్ల తుపాకులన్నీ బురదలో నాని పాడయ్యాయి. వాళ్లకు తుపాకులు చేసిపెట్టే ఆర్విడ్ స్టెన్స్‌రుడ్ పనిముట్లూ తుప్పు పట్టాయి. వేటకాలం దగ్గరపడింది.

ఒక ఉదయం కొత్త రీమరు పోస్టులో వచ్చింది. గొట్టంలో తూటా కూర్చునే గదిని తొలిచేది అదే. దాని అంచుల్ని గోటితో తడిమి చూశాకే పని మొదలుపెట్టడం ఆర్విడ్ అలవాటు. ఆ ఉదయం మాత్రం, మధ్యాహ్నంలోగా బావమరిది ఎల్డన్ తుపాకీ ముగించాలన్న తొందరలో చూడకుండానే లేతుకు బిగించాడు.

అంచు మీద ఇసుకరేణువంత బుడిపె ఉంది.

కొన్నాళ్లకు ఎల్డన్ పేల్చిన తూటా ఖాళీ తొడుగు ఒకటి తెచ్చి చూపించాడు. దాని నడుము చుట్టూ సన్నని గీత.

"ఇదేంటి బావా, తూటా బెల్టు పెట్టుకుంది?"

అప్పటికి ఆర్విడ్ అదే రీమరుతో ఊళ్లో సగంమందికి తొలిచి ఇచ్చేశాడు. తొడుగును చాలాసేపు తిప్పి చూశాడు.

"నా గుర్తు," అన్నాడు.

మాట తక్కువ మనిషి కనుక ఆ రెండు మాటలూ లోయంతా తిరిగాయి. గీత పడని తుపాకీ పట్టుకోవడం నామోషీ అయి, మిగతావాళ్లూ కొట్టు ముందు వరస కట్టారు. వేట చట్టాల అధికారి హార్లన్ ప్రూయిట్ కూడా ఒకటి చేయించుకున్నాడు.

రేపు వేటకాలం మొదలవుతుందనగా, టిల్డా అనే పెద్దావిడ గడ్డిచేలో ఒక ఎల్క్ దుప్పి చచ్చి పడి ఉంది. కాస్త దూరంలో గీత పడ్డ తొడుగు దొరికింది. కాలానికి ముందే ఎవరో దొంగవేట ఆడారనుకుని హార్లన్, దుప్పికి తగిలిన దెబ్బేమిటో చూడకుండా వదిలేసి, తొడుగును పట్టుకున్నాడు. సాయంత్రానికి గీత పడే తుపాకులన్నీ అతని ట్రక్కులో ఉన్నాయి, వాటి సొంతదారులందరూ ఆర్విడ్ కొట్టు ముందు ఉన్నారు.

"చలికాలమంతా పిల్లలకి ఏం వండిపెట్టను బావా? నీ గుర్తునా?" అన్నాడు ఎల్డన్.

"ఇది ఎవరి తుపాకీదో చెప్పండి పెద్దాయనా. మీ గుర్తు మీకు తెలీదా?" అన్నాడు హార్లన్.

ఆర్విడ్ రీమరు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"గోటితో చూడు."

"గరుగ్గా ఉందే."

"గుర్తు కాదు. లోపం. దీంతో తొలిచిన అన్నిటికీ పడుతుంది."

"లోపం కోసమా మేం వరస కట్టింది!" అన్నాడు ఎల్డన్.

"అన్నిటికీ అంటే?" అన్నాడు హార్లన్.

"నీదానిక్కూడా. పోయిన వారం గురి ఎక్కడ సరిచూసుకున్నావు?"

హార్లన్ టోపీ తీశాడు. "టిల్డాగారి కంచె దగ్గర."

"మరి దుప్పిని చంపిందెవరు?" అని ఎవరో అరిచారు.

"నా ట్రక్కు," అంది వెనకనుంచి టిల్డా. "రాత్రి దుప్పి అడ్డమొచ్చింది, గుద్దుకుని చేలోకి పోయి పడింది. చెబుదామని పొద్దున నీ దగ్గరికే వచ్చాను నాయనా. నా తుపాకీ లాక్కున్నావు గాని నన్ను నోరు తెరవనిచ్చావా?"

హార్లన్ ఎవరి తుపాకీ వాళ్లకు తిరిగిచ్చాడు. ఆర్విడ్ అందరివీ ఊరికే సరిచేసిపెడతానన్నాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఉండనీ బావా," అన్నాడు ఎల్డన్. మిగతావాళ్లూ ఉండనిమ్మన్నారు.

"నాది మాత్రం రేపే చేసిపెట్టండి," అన్నాడు హార్లన్.

మర్నాడు పొద్దున్నే ఆర్విడ్ బుడిపెను నూనెరాయి మీద అరగదీసి, గోటితో తడిమి చూసి, గాడి పడ్డ మేర పోయేలా హార్లన్ గొట్టం వెనక చివర కాస్త కోసి, గదిని మళ్లీ నున్నగా తొలిచాడు. గీత పడని, అంచేత తొడుగు చూసి ఎవరిదో చెప్పగల తుపాకీ లోయలో ఇప్పుడు అదొక్కటే.