ఆత్మవిశ్వాసం తగ్గించబడును

ఆత్మవిశ్వాసం మరీ ఎక్కువగా ఉన్న పేదలను శిక్షణలో నేరుగా చేర్చుకోబోమనీ, అటువంటివారు ముందుగా దాన్ని తగ్గించుకుని రావాలనీ, సొంతంగా తగ్గించుకునే స్తోమత లేనివారికి సంస్థే ఉచితంగా తగ్గించిపెడుతుందనీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కింద డైరెక్టరుగారి సంతకం ఉంది. సంతకం మీద గుండ్రటి ముద్ర ఉంది. ముద్ర పడ్డాక ఇక అనుమానించడానికేముంది? ఎవరూ అనుమానించలేదు.

తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకు శిక్షణ ఇచ్చి మంచి ఉద్యోగాల్లో పెట్టడం ఈ సంస్థ చేసే సేవ. లాభాపేక్ష బొత్తిగా లేదు. లేదన్న సంగతి గేటు మీద, గోడ మీద, ఆఖరికి టీ కప్పుల మీద కూడా రాయించారు. సంస్థ పూర్తి పేరు బోర్డులో పట్టక మిగతా సగం పక్కింటి ప్రహరీ మీద రాయవలసి వచ్చింది కాబట్టి మనం క్లుప్తంగా సంస్థ అనే అనుకుందాం.

ఇంత మంచి సంస్థకు అటువంటి నోటీసు అంటించవలసిన అగత్యం ఒక కూరగాయల బండి మనిషి వల్ల వచ్చింది. సంత వీధిలో ఆవిడని అందరూ గంటక్క అంటారు. గొంతు అటువంటిది. వీధి ఈ మూల నుంచి ఆవిడ "ఉల్లిపాయలూ" అని ఒక్క కేక వేస్తే, ఆ మూల మూడో అంతస్తులో నిద్రపోతున్నవాళ్లు లేచి, సంచీ పట్టుకుని, మెట్లు దిగి వచ్చాక గానీ తమకు ఉల్లిపాయలు అక్కర్లేదన్న సంగతి గుర్తొచ్చేది కాదు. తూకాల తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు చేత తూకం రాళ్లు తుడిపించి పంపించిందని చెప్పుకుంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, గంటక్క నోరు పెద్దది కావడం వల్లే ఆ వీధి మంచిగా ఉండేది.

ఆ వీధిని ఇప్పుడు కార్లు నిలుపుకునే స్థలం చేస్తున్నారు. నెలన్నరలో బండ్లన్నీ తీసెయ్యాలన్నారు. గంటక్కకు నలభై ఆరేళ్లు. మొగుడు పోయి పదేళ్లయింది. ఇంట్లో ఉన్నది తనూ, అత్తా. బండి పోతే ఇద్దరి కడుపులూ ఎలా నిండుతాయన్నది ప్రశ్న. వీధి చివర కొత్తగా వెలిసిన అద్దాల స్టోరులో కూరగాయల విభాగానికి సూపర్‌వైజరు కావాలని కాగితం పెట్టారు. గంటక్క వెళ్లి అడిగితే, కూరగాయల సంగతి ఏమైనా తెలుసా అని మేనేజరు అడగలేదు. సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు. సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఖాయమన్నాడు. బండిని పక్క బండివాడికి అప్పగించి, మర్నాడు పొద్దున్నే ఆవిడ సంస్థ గేటు దగ్గర నిలబడింది.

చేరేముందు ప్రతివారికీ ఆత్మవిశ్వాసం కొలుస్తారు. శిక్షణ అయ్యాక మళ్లీ కొలుస్తారు. ఎంత పెరిగిందో గ్రాఫు గీసి దాతలకు పంపుతారు. శిక్షకుడు, పాపం బుద్ధిమంతుడు, నలభై ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు. నలుగురిలో మాట్లాడాలంటే జంకుతారా అని అడిగితే, "ఏ నలుగురు? ఎవరెవరో చెప్పు" అంది. మీలో మీకు కనిపించే మూడు లోపాలు చెప్పండంటే, తనవా, అత్తవా అని అడిగి, అత్తవి పదకొండు చెప్పింది. లెక్కవేసి చూస్తే నూటికి తొంభై ఏడు వచ్చింది. కాగితంలో తప్పుందేమోనని శిక్షకుడు అదే కాగితంతో తనను తాను కొలుచుకున్నాడు. ముప్పై ఎనిమిది వచ్చింది. డైరెక్టరుగారిది నలభై ఒకటని ఆఫీసులో ఒక గుసగుస ఉంది గానీ, పెద్దవాళ్ల సంగతి మనకెందుకు.

డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. దాతల నిబంధన ప్రకారం ప్రతి పేదవారికీ ఆత్మవిశ్వాసం కనీసం అరవై మార్కులు పెరగాలి. తొంభై ఏడు మీద అరవై పెంచితే నూట యాభై ఏడు. గ్రాఫు కాగితంలో అంత ఎత్తు లేదు. ఆత్మవిశ్వాసం లేకపోవడం పేదలకు ఉండవలసిన కనీస అర్హత అనీ, ఆ మాత్రం అర్హత కూడా లేకుండా ఈవిడ పేదల్లో ఏం చేస్తోందనీ కమిటీ సభ్యులొకరు ఆవేదన చెందారు. మూడు గంటల చర్చ తర్వాత తీర్మానమైంది. మొదటి దశలో గంటక్క ఆత్మవిశ్వాసాన్ని శాస్త్రీయంగా ముప్పైకి దించాలి. రెండో దశలో దాన్ని తొంభైకి ఎక్కించాలి. మొదటి దశకు 'ప్రాథమిక స్థాయి సర్దుబాటు' అని పేరు పెట్టి, ముందు చెప్పుకున్న నోటీసు అంటించారు.

గంటక్కకు ఇదంతా విడమరిచి చెప్పారు. "దిగమంటే దిగుతా, ఎక్కమంటే ఎక్కుతా. కాగితం మాత్రం చేతికివ్వాలి" అంది.

మొదటి వారమంతా వృథా. వసారాలో మూడు గంటలు ఊరికే కూర్చోబెడితే ఎంతటివారైనా దిగిపోతారని శిక్షణ పుస్తకంలో ఉంది. కూర్చోబెట్టారు. ఆ మూడు గంటల్లో గంటక్క అక్కడున్నవాళ్లందరినీ వరుసలో నిలబెట్టింది, కారుతున్న కుళాయి బాగుచేయించింది, రెండేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు గుమాస్తాలకు రాజీ కుదిర్చింది. శనివారం కొలిస్తే తొంభై తొమ్మిది. పోనీ అని శిక్షకుడి చేత తిట్టించి చూశారు. ఒకటికి పది అప్పజెప్పింది. శిక్షకుడు రెండు రోజులు సెలవు పెట్టాడు.

అసలు కిటుకు రెండో వారంలో అనుకోకుండా దొరికింది. సెలవు నుంచి వచ్చిన శిక్షకుడు ఆవిడతో మాట్లాడటానికి భయపడి, ఆవిడ ఏమన్నా చిరునవ్వు నవ్వి నోట్‌బుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఫ్యాను తిరగడం లేదంటే రాసుకున్నాడు. ఇదేం శిక్షణంటే రాసుకున్నాడు. ఏం రాస్తున్నావని గదిమితే అది కూడా రాసుకుని, "మీ అభిప్రాయం మాకు చాలా విలువైనదండీ" అన్నాడు. తిట్టినవాణ్ణి తిట్టొచ్చు, కొట్టినవాణ్ణి కొట్టొచ్చు, నవ్వుతూ రాసుకునేవాణ్ణి ఎవరేం చేస్తారు? ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, పొద్దుటి నుంచి తానన్న మాటల్లో తప్పేమైనా ఉందా అని గంటక్క పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆలోచించింది. మర్నాడు కొలిస్తే డెబ్భై ఒకటి.

అక్కడి నుంచి పని సులువైంది. పద్నాలుగు పేజీల దరఖాస్తు ఇచ్చారు. నీలం సిరాతో నింపితే నల్ల సిరాతో నింపమన్నారు. నల్ల సిరాతో నింపితే, మీకలా ఎవరు చెప్పారండీ అని మర్యాదగా అడిగారు. నాలుగో గదికి వెళ్తే తొమ్మిదో గదికి వెళ్లమన్నారు. తొమ్మిదో గదికి తాళం. మాట్లాడే తరగతిలో బల్ల మీద ఎర్ర దీపం పెట్టారు. గొంతు హద్దు దాటితే అది వెలుగుతుంది, వెలిగితే అందరూ తిరిగి చూస్తారు. ఏం చెప్పాలన్నా ముందు "క్షమించండి, ఒక చిన్న మాట" అనాలి, చివర "మీ ఇష్టమండీ" అనాలి. మధ్యలో చెప్పవలసింది ఏమైనా ఉంటే చెప్పొచ్చనీ, లేకపోయినా మార్కులు తగ్గవనీ శిక్షకుడు ధైర్యం చెప్పాడు.

మూడో వారంలో ఒక పూట భోజనాల దగ్గర అత్త కూరలో ఉప్పు ఎక్కువైందంది. నిజానికి ఎక్కువ కాలేదు. ఇరవై మూడేళ్లుగా ఆ ఇంట్లో భోజనం మొదలయ్యే పద్ధతే అది. అత్త ఉప్పు ఎక్కువైందంటుంది; చెడింది కూర కాదు, నీ నాలుక అని కోడలంటుంది; అక్కడి నుంచి అందుకుని ఇద్దరూ అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ తిరగేసి, కడుపునిండా తిని పడుకుంటారు. ఆ పూట గంటక్క తల వంచుకుని, "క్షమించండి అత్తయ్యగారూ, ఒక చిన్న మాట" అంది. కాసేపు ఆగి, "మీ ఇష్టమండీ" అంది. పెళ్లయిన నాటి నుంచీ 'అత్తా, నువ్వు' తప్ప ఎరగని మనిషి. ముసలావిడ కంచం పక్కకు జరిపి, కోడలి నుదుటి మీద చేయి వేసి చూసింది. జ్వరం లేదు. అప్పుడు ఆవిడకు నిజంగా భయం వేసింది.

మర్నాడు అత్త కర్ర పుచ్చుకుని సంస్థకు వచ్చి డైరెక్టరుగారి ఎదుట నిలబడింది.

"మా కోడలి నోరు మాకిచ్చెయ్యండి బాబూ. నా కొడుకు పోయినప్పుడు నేను వారం రోజులు మంచం దిగలేదు. ఇది వచ్చి నా మీద అరిచింది. లేచి అన్నం తింటావా, నన్ను కూడా పొమ్మంటావా అని వీధంతా వినబడేలా అరిచింది. ఆ అరుపుకి లేచాను నేను. అది అరవకపోతే ఇంట్లో నాకెవరూ లేనట్టుంది."

డైరెక్టరుగారు శ్రద్ధగా విన్నారు. 'కుటుంబ సంబంధాల్లో గణనీయమైన మెరుగుదల. అత్తగారు స్వయంగా వచ్చి ధ్రువీకరించారు' అని నివేదికలో రాయించారు. ఈవిడకు కూడా ఒకసారి ఆత్మవిశ్వాసం కొలిస్తే మంచిదని సలహా ఇచ్చారు గానీ, ముసలావిడ కర్ర పైకెత్తడంతో కొలవకుండానే నూరు వేసి పంపించారు.

నాలుగో వారం చివరికి గంటక్క ముప్పై దాటి ఇంకా కిందికి, పన్నెండుకి దిగింది. సంస్థ చరిత్రలో ఎవరూ అంత దిగలేదు. డైరెక్టరుగారు అందరినీ హాల్లో సమావేశపరిచారు. "మిత్రులారా, ఇంత లోతు నుంచి పైకి లేచిన మానవుణ్ణి ప్రపంచం ఇంతవరకు చూడలేదు. సోమవారం నుంచి చూడబోతోంది" అని ఉపన్యసించారు. గంటక్క వెనక వరుసలో, మిగతా కుర్చీ ఎవరికైనా అవసరం పడుతుందేమోనన్నట్టు అంచు మీద కూర్చుని విన్నది.

సోమవారం పొద్దున్న ఎక్కించడం మొదలుపెట్టేలోగా స్టోరు మేనేజరు మనిషిని చూసుకోవడానికి మాట్లాడే తరగతికే వచ్చాడు. ఆదివారాలు కూడా పని ఉంటుందన్నాడు. "మీ ఇష్టమండీ" అంది గంటక్క. రోజుకు పది గంటలు నిలబడాలి, కుర్చీ ఉండదన్నాడు. ఆ మాటకీ అదే జవాబు. సూపర్‌వైజరన్నది పేరుకే, బుట్టలు కూడా మోయాలన్నాడు. ఆవిడ నోరు తెరిచి, బల్ల మీది ఎర్ర దీపం వైపు చూసి, మూసేసింది. మేనేజరుకు కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లూ శిక్షణంతా అయినవాళ్లని పంపి మమ్మల్ని చంపుకుతిన్నారండీ," అన్నాడు డైరెక్టరుగారితో. "వాళ్లు సెలవులడుగుతారు, ఎందుకని అడుగుతారు. మాకు కావలసింది ఇదిగో, ఇలాంటి మనుషులు. ఇంకేం ఎక్కించకండి. ఇలాగే ఇచ్చెయ్యండి."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. రెండో దశకు బోలెడు శ్రమ, ఇద్దరు కొత్త శిక్షకులు కావాలి. డైరెక్టరుగారు అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు. ఇక మిగిలింది దాతలకు పంపవలసిన గ్రాఫు. అది తొంభై ఏడు దగ్గర మొదలై పన్నెండు దగ్గర ఆగింది. శిక్షకుడు కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెనక నుంచి కనబడే గీతను అలాగే దిద్దాడు. ఇప్పుడది పన్నెండు దగ్గర మొదలై తొంభై ఏడు దగ్గర ఆగింది. దాతలు ఆనందబాష్పాలు రాల్చి, ఇంకో నాలుగు ఊళ్లలో శాఖలు తెరవమన్నారు. రెండో దశ ఎప్పుడండీ అని గంటక్క ఒకే ఒక్కసారి, తలుపు దగ్గర నిలబడి, మెల్లగా అడిగింది. శిక్షకుడు చిరునవ్వు నవ్వి రాసుకున్నాడు.

సర్టిఫికెట్ల సభకు సంత వీధి బండ్లవాళ్లంతా వ్యాపారం మానుకుని వచ్చారు. అత్త ముందు వరుసలో కూర్చుంది. విజేతగా రెండు మాటలు చెప్పమని గంటక్క చేతికి మైకు ఇచ్చారు. చెప్పవలసింది లేక కాదు. తిరగని ఫ్యాను సంగతి ఉంది, ఎక్కిస్తామని ఎక్కించని సంగతి ఉంది, తిరగేసిన గ్రాఫు అయితే ఎదురుగా గోడ మీదే వేలాడుతోంది. అన్నీ గొంతు దాకా వచ్చాయి. అత్త రెండు చేతులూ కర్ర మీద బిగించి, అరువే, అరువు అన్నట్టు తల ఊపుతోంది. "క్షమించండి, ఒక చిన్న మాట," అంది గంటక్క. చివరి వరుసవాళ్లు వినబడక ముందుకు వంగారు. "మీ ఇష్టమండీ," అని మైకు తిరిగి ఇచ్చేసింది. చప్పట్లు అయిదు నిమిషాలు మోగాయి. ఇంత పొందికగా మాట్లాడే పేదను తాను చూడలేదని ముఖ్య అతిథి ప్రత్యేకంగా అభినందించారు.

ఉద్యోగం వచ్చింది. ఆ మాట దాచకూడదు. నెల తిరిగేసరికి జీతం వస్తోంది, ఇల్లు గడుస్తోంది, నీలం చొక్కా ఇచ్చారు, చొక్కా మీద 'అడగండి, చెబుతాను' అని బిళ్ల పెట్టారు. అత్త మాత్రం రోజూ సాయంత్రం కర్ర పొడుచుకుంటూ స్టోరుకు వస్తుంది. కొనడానికి కాదు, పోట్లాటకు. ధరలు తిడుతుంది, చొక్కాను తిడుతుంది, కోడలి పుట్టింటివాళ్లను పేరుపేరునా తిడుతుంది. గంటక్క చేతులు కట్టుకుని వింటుంది.

మొన్న ఒక సాయంత్రం ముసలావిడ బుట్టలోంచి ఒక టమాటా తీసింది. వేలు పెడితే లోపలికి దిగిపోయింది.

"ఇది కుళ్లిందా, లేదా? ఒక్క మాట చెప్పవే. కనబడటం లేదా గుడ్డిదానా అని నన్నే తిట్టు, పోనీ."

గంటక్క టమాటా వంక చూసింది, అత్త వంక చూసింది, పైనున్న కెమెరా వంక చూసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "పైవాళ్లకు తెలియజేస్తానండీ" అంది.

అప్పుడు ముసలావిడ, బిల్లు కోసం వరుసలో నిలబడ్డవాళ్ల వైపు తిరిగింది. అందరూ చదువుకున్నవాళ్లు, మంచి బట్టలు కట్టుకున్నవాళ్లు.

"అయ్యా, ఇది చెబితే దీని ఉద్యోగం పోతుంది. మీకేం పోతుంది? ఇవి కుళ్లినవని మీలో ఒక్కరు గట్టిగా అనండి."

ఒకాయన ఫోను తీసి చూసుకున్నాడు. ఒకావిడ తన బుట్టలోని టమాటాలు కనబడకుండా పైన క్యాబేజీ పెట్టింది. ఇంకొకరు గొంతు సవరించుకున్నారు, సవరించుకుని ఊరుకున్నారు. ఆ వరుసలో మనమూ ఉన్నాం. గంటక్కకు నాలుగు వారాల్లో ఉచితంగా అబ్బిన చదువు మనకు అబ్బడానికి పదిహేనేళ్లు పట్టింది, అదీ ఫీజులు కట్టి. వరుస ముందుకు కదిలింది. మనం కుళ్లిన టమాటాలు తూకం వేయించుకుని, థాంక్యూ చెప్పి, ఇళ్లకు వచ్చేశాం.