ఆడని ఆదివారం

జాతీయ గోల్ఫ్ చాంపియన్‌షిప్‌లో ఆఖరి రౌండు ఆడటం మానేసి చాలా ఏళ్లయింది. శనివారం సాయంత్రం అంచనాల శాఖ విజేత పేరు ప్రకటిస్తుంది, ఆదివారం పొద్దున్నే కప్పు ఇచ్చేస్తారు. దీనివల్ల మైదానంలో గడ్డి నలగడం తగ్గింది, ప్రేక్షకులకు సెలవునాటి నిద్ర దక్కింది. శాఖవారి అంచనా ఒక్కసారీ తప్పలేదు. తప్పిందని చూపించడానికి ఎవరూ ఆడలేదు.

ఆ ఏడాది పోటీలు విశాఖ సముద్రపు ఒడ్డున జరిగాయి. శనివారానికి కంచర్ల ఇందుమతి అందరికంటే ముందుంది. ప్రకటనలో మాత్రం ఆమెది రెండో స్థానం. మర్నాడు ఆమె చివరిదాకా బాగానే ఆడుతుందనీ, ఆఖరి గుంత దగ్గర మూడడుగుల దూరం నుంచి మెల్లగా నెట్టాల్సిన బంతిని పక్కకు పోనిస్తుందనీ, దాంతో కప్పు చేజారుతుందనీ వివరంగా రాశారు.

"అంత తేలికైన బంతి ఎలా పోగొట్టారు మేడమ్?" అని విలేకరులు అడిగారు.

"కొంచెం కంగారుపడ్డానండీ," అంది ఇందుమతి. అలా చెప్పడం మర్యాద.

తల్లి ఫోన్ చేసి, "పోన్లే అమ్మా, చెయ్యి వణికితే నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని ఓదార్చింది.

ఇందుమతి బాధ కప్పు గురించి కాదు. ఆమెకు ఆ వణుకు కావాలనిపించింది. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఉప్పుగాలి మెడకు తగులుతుంటే, ఆఖరి బంతి మీదికి వంగడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఆమె ఆటలోకి వచ్చేసరికే ఆదివారాలు అయిపోయాయి.

కప్పు ఇవ్వడం ముగిశాక ఆమె శాఖ అధికారి పేడాడ వెంకునాయుడి దగ్గరికి వెళ్లింది.

"ఆ ఒక్క బంతీ ఆడనివ్వండి సార్."

"పోయిందని చెప్పేం కదమ్మా. మళ్లీ ఆడి ఏటి చేస్తారు?"

"పోతే పోనివ్వండి. నా చేత్తో పోగొట్టుకుంటాను."

వెంకునాయుడు మంచివాడు. నిబంధనల్లో ఆడకూడదని ఎక్కడా లేదు, చూడకూడదని మాత్రం ఉంది. అందుకని ఆఖరి గుంత దాకా వెంట వచ్చి, బంతిని మూడడుగుల దూరంలో తానే పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇందుమతి వంగింది. చేతులు నిజంగానే వణికాయి. ఎక్కడ ఆగిపోతుందోనని ఆ వణుకును పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కొట్టింది. బంతి తిన్నగా వెళ్లి గుంతలో పడింది. అలల హోరులో ఆ చిన్న చప్పుడు ఆమెకొక్కదానికే వినిపించింది.

"పోయింది కదమ్మా?" అటు తిరిగే అడిగాడు వెంకునాయుడు.

ఆమె గుంతలో చెయ్యి పెట్టి బంతిని పట్టుకుంది. వెంటనే తియ్యబుద్ధి కాలేదు. పోలేదని చెబితే ఆయన నిబంధన మీరి ఇటు తిరగాలి, విచారణ జరగాలి, ఆ చప్పుడు ఎలా ఉందో పదిమందికి చెప్పాలి.

"పోయిందండీ," అంది.

"బాధపడకండమ్మా. ఎవలికైనా పోద్ది."

గేటు దాకా తోడొస్తూ, ఈసారి ఎన్నికలు కూడా తమ శాఖకే అప్పగించారనీ, ఎండలో వరసలో నిలబడే బాధ జనానికి తప్పిందనీ చెప్పాడు. ఆమె పేటలో పోలింగు మొన్ననే అయిపోయిందట.

"అలాగా? నేనెవరికి వేశానండీ?"

"అది చెప్పకూడదమ్మా. రహస్యం."

ఇందుమతి తల ఊపింది. ఓటన్నాక రహస్యంగా ఉండటమే సబబని ఆమెకూ తోచింది.