కొండకు వెళ్ళే దారిలో కుళాయిలు

కొండెక్కడానికి బయల్దేరిన దంపతులు కొండ దాకా వెళ్ళకపోవడమే మంచిదని నేను ఘంటాపథంగా చెప్పగలను. కోప్పడకండి. కొండ మీద ఏముంటుంది? రాళ్ళుంటాయి, గాలుంటుంది, ఆయాసముంటుంది. అదే దారిలో అయితే? టీకొట్లుంటాయి, పెట్రోలు బంకులుంటాయి, టాయిలెట్లుంటాయి, వీటన్నిటికీ మార్కులు వేసే భాగ్యం ఉంటుంది!

వెనకటి మనుషులు పాపం అమాయకులు. ఆకలేస్తే ఆగేవారు, తిని లేచిపోయేవారు. తిన్నదెలా ఉందో లోకానికి చెప్పాలన్న బాధ్యతే ఉండేది కాదు. ఇప్పుడు అలా కుదరదు. ఫోన్లో యాప్ తెరిచి, స్టార్లు నొక్కి, నాలుగు ముక్కలు రాసి, ఫొటో తగిలిస్తే గానీ తాగిన టీ కడుపులోకి దిగదు. ఇదెంత గొప్ప సదుపాయమో నాకు తెలిసిన ఒక జంట సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

ఆయన కుళాయిల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. బెల్టు మీద వచ్చే ప్రతి కుళాయినీ తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి, ఓకే స్టిక్కరు అంటిస్తారు. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్. సెల్లారులో కిటికీ లేని గది, పొద్దస్తమానం సూదులు, సీసాలు, సూది చూడగానే మొహం పక్కకు తిప్పుకునే మనుషులు. ఏడాది పొడుగునా ట్యూబులైటు కింద బతికే ఆ మనిషికి ఒకే ఒక్క కోరిక. ఊరికి దూరంగా ఉన్న ఓ కొండెక్కి, పైన బండ మీద మొగుడి పక్కన కూర్చుని, కాసేపు ఏ పనీ లేకుండా కబుర్లు చెప్పుకోవాలి. ఎంత పాతకాలపు కోరికో చూశారా!

కొండ కింద అటవీశాఖ గేటు ఉంది. మధ్యాహ్నం దాటితే ఎవరినీ పైకి పోనివ్వరు. లోగడ రెండుసార్లు వీళ్ళు చేరేసరికి గేటు మూసేసి ఉంది. ఈసారీ అంతే అయితే ఇక ఆయన్ని రమ్మని జన్మలో అడగకూడదని ఆవిడ మనసులో గట్టిగా అనుకుంది. ఆ మాట ఆయనతో అనలేదు.

మొదటి మజిలీ పెట్రోలు బంకు. ట్యాంకు నిండుగానే ఉంది. అయినా ఇన్‌స్పెక్టర్ గారు లోపలికి వెళ్ళి చాలాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"వాష్‌బేసిన్ కుళాయి కారుతోంది. లోపల వాషర్ పోయింది," అన్నారు.

"కట్టేసి వచ్చెయ్యకపోయారా?"

"కట్టేస్తేనే కదా కారుతోందని తెలిసింది. తాగే నీళ్ళు పెట్టాడు కాబట్టి మూడు స్టార్లిచ్చాను. లేకపోతే రెండే."

న్యాయం అంటే ఇదీ. ఎంతమంది జడ్జీలకుంటుంది ఈ నిదానం?

తర్వాత టీకొట్టు. ఆవిడ కప్పు అందుకోబోతే "ముట్టుకోకు, ఆవిరి కనపడాలి" అన్నారాయన. వెలుతురు ఎటు పడుతుందో చూసుకుని, కప్పు జరిపి, కుర్చీ జరిపి, ఆఖరికి ఆవిణ్ణి కూడా జరిపారు. ఈలోగా టీ మీద మీగడ కట్టింది. చేసేదేముంది, ఫొటో కోసం ఇంకో టీ చెప్పారు. మొదటిది ఆవిడ చల్లగా తాగింది. చల్లటి టీ నోరు కాల్చదు కదా, అదీ లాభమే.

ఆ పైన పంక్చర్ షాపు. పంక్చర్ అయిందా అంటే కాలేదు. "పాపం, దీనికి ఒక్క రివ్యూ కూడా లేదు" అని ఆగారు. నాలుగు టైర్లకూ గాలి చూపించి, అక్కడ చేతులు కడుక్కునే కుళాయి తిప్పి చూసి, తృప్తిగా తల ఊపారు. షాపువాడు వీళ్ళెవరో తనిఖీవాళ్ళనుకుని హడావిడిగా బల్ల తుడిచాడు.

ఇంతకంటే అన్యోన్యమైన కాపురం ఉంటుందా? ప్రయాణాల్లో దంపతులు పోట్లాడుకుంటారని విన్నాం. వీళ్ళకసలు పోట్లాడుకునే తీరికేదీ? కారు కదలగానే ఆవిడ కాస్త ఉత్సాహంగా అంది: "మొన్న ల్యాబులో ఏమైందో తెలుసా?"

"ఒక్క నిమిషం," అన్నారాయన. "ఆ టీకొట్టు బాత్రూములో సబ్బుందా లేదా, నువ్వు చూశావా?"

ఉందని చెప్పి ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ల్యాబు సంగతి ఆయన మళ్ళీ అడగలేదు. మాటలు మిగిలితే పొదుపే కదండీ!

ఇన్ని మజిలీలయినా, ఏం చిత్రమో, గేటింకా తెరిచే ఉంది. "తొందరగా వెళ్ళండమ్మా, మూసేస్తున్నా" అన్నాడు గార్డు. ఆవిడ బ్యాగు తీసుకుని గబగబా దిగింది.

"నువ్వు నడుస్తూ ఉండు," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. "పార్కింగూ, టాయిలెట్టూ చూసేసి నీ వెనకే వచ్చేస్తా."

ఆవిడ నడిచింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగితే, ఆయన కింద గోడవార వంగి కుళాయి తిప్పుతున్నారు. గార్డు గేటుకు గొలుసు చుడుతున్నాడు.

దిగిపోదామా అనుకుంది. దిగలేదు. రొప్పుకుంటూ, ఆగుతూ, మొత్తానికి పైకి చేరింది. బండ మీద కూర్చుని, అలవాటు కొద్దీ పక్కన చోటు వదిలి జరిగింది. గాలి హాయిగా ఉంది. ఎదురుగా ఎంత దూరం చూస్తే అంత ఆకాశం. ఇవన్నీ ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఏడుపొచ్చింది.

ఆయనకు ఫోన్ చేద్దామని తీస్తే, ఆయనే పెట్టిచ్చిన యాప్ తెర మీద ఆయన రివ్యూనే చూపించింది. అప్పుడే పెట్టారు. "అద్భుతమైన కొండ. శ్రీమతితో కలిసి వెళ్ళాను. ప్రశాంతంగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఐదు స్టార్లు. గేటు దగ్గరి కుళాయి మాత్రం మార్చాలి."

ఆవిడ ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివింది. ఎన్నడూ రివ్యూ రాయని మనిషి, ఆ కొండకే తనూ ఒకటి రాసింది. స్టార్లు ఐదూ ఇచ్చేసింది. కొండ చేసిన తప్పేముంది? "కొండ చాలా బాగుంది. పక్కన కూర్చునే మనిషే లేడు."

కింద పార్కింగులో ఆయన ఫోను మోగింది. తను రాసిన చోటుకే ఇంకో రివ్యూ వచ్చిందని యాప్ చెబితే ఆయన చదవకుండా ఉండలేరు. కుళాయిని చూస్తారు గానీ అది ఎవరు చేశారో చూసే అలవాటు ఫ్యాక్టరీలో లేదు కదా, ఇక్కడా రాసిన పేరు చూడలేదు. చదివి నిజంగానే జాలిపడ్డారు. బాధ్యత గల మనిషి కాబట్టి ఊరుకోలేక, వెంటనే కింద జవాబు రాశారు.

"అయ్యో పాపం. వచ్చేసారి మీవారిని కూడా తీసుకెళ్ళండి."